ఎడమ పిడి

అన్యాయం ఎవరికి జరిగింది? లతకు జరిగింది. ఇరవై ఆరేళ్ల లతకు, సూర్యాపేటలో శశిధర్ నడిపించే నోటుబుక్కుల కార్ఖానాలో, మే నెల ఆఖరి శుక్రవారం పదకొండు గంటల వేళ. ఎలా జరిగింది? కటింగ్ మిషను కత్తి కింద ఆమె ఎడమచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. తెగిన గంటలోపే తప్పు ఆమెదేనని కార్ఖానా అంతా ఒప్పుకుంది. మొదటిదాన్ని ప్రమాదం అనుకోవచ్చు. రెండోదాన్ని అలా అనుకోవడానికి వీల్లేదు.

ఎవరు చేశారన్న మూడో ప్రశ్న ఒకటి మిగిలింది. దాన్ని ఆ రోజు ఎవరూ అడగలేదు.

లతను ఆటో ఎక్కించి పంపిన వెంటనే శశిధర్ మిషను దగ్గరికి తిరిగి వచ్చాడు. ఆడవాళ్లంతా ఇంకా గేటు దగ్గరే గుంపుగా నిలబడి ఉన్నారు. అతడు వంగి, మిషను ఎడమ పిడికి తగిలించి ఉన్న జానెడు ఇనుప కొక్కేన్ని ఊడదీశాడు. కత్తిరింపు చెత్తలోంచి కాగితపు పీలికలు గుప్పెడు తీసుకుని దాన్ని తుడిచాడు. తుడుస్తూ నాలుగు వైపులా చూశాడు. ప్యాకింగు బల్ల దగ్గర నుంచి కదలని మనిషి ఒక్క సుందరమ్మే.

"జర ఇది నీ దగ్గర ఉంచు, సుందరమ్మా."

ఆమె కుడిచెయ్యి చాపింది. ఎందుకని అతడు చెప్పలేదు, ఆమె అడగలేదు. కొక్కేన్ని కొంగున ముడివేసి నడుములో దోపుకుంది. రేకుల కప్పు కింద ఆ వేళకు ప్రతి వస్తువూ కాలుతూ ఉంటుంది. ఇనుము చీరలోంచి ఆమె నడుముకు చురుక్కున తగిలింది. తరువాత బల్ల ముందు కూర్చుని, ఆగిపోయిన ప్యాకెట్టును మళ్లీ మొదలుపెట్టింది.

ప్యాకెట్టుకు పన్నెండు పుస్తకాలు. కుట్టు ఉన్న వైపు మందంగా ఉంటుంది కాబట్టి ఆరింటిని అటు, ఆరింటిని ఇటు తిప్పి పేర్చాలి. లేకపోతే ప్యాకెట్టు ఒరిగిపోతుంది. సుందరమ్మ ఎడమచేతికి బొటనవేలు, అరచెయ్యి మాత్రమే ఉన్నాయి. ఆ అరచేతిని దొంతర మీద బరువులా మోపి, కుడిచేత్తో గోధుమరంగు కాగితాన్ని చుట్టి, మడతను బొటనవేలి కింద నొక్కిపెట్టి, కుడి చూపుడువేలితో లై పూసి అంటిస్తుంది. చివరి మడత లోపల తన నంబరు చీటీ పెడుతుంది. ఆమె నంబరు ఏడు. దుకాణంలో ప్యాకెట్టు విప్పినప్పుడు పుస్తకం తక్కువ వస్తే, ఆ చీటీతో సహా ప్యాకెట్టు వెనక్కి వస్తుంది. కట్టినవాళ్లే ఆ లోటు నింపి, తిరిగి కట్టి పంపాలి. పందొమ్మిదేళ్లలో ఏడో నంబరు ప్యాకెట్టు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ మాట శశిధర్ కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ చెబుతాడు.

ఆ రోజు అతడు ఇంకో మాట చెప్పాడు. మిషనును కడిగించి, రెండు పిడుల మీదా నూనె రాయించి, ఆడవాళ్లను లోపలికి పిలిచి నిలబెట్టాడు.

"జూసిండ్రా? ధ్యాస ఏడనో వెట్టి కత్తి కింద చెయ్యి వెడితే ఏమయితదో జూసిండ్రా? సుందరమ్మనడుగుండ్రి. ఆమెకు ఎరుక." అని ఆమె ఎడమచేతి వైపు చూపించాడు. "ఆమె ఏనాడన్న మిషనును తప్పువట్టిందా?"

అందరూ ఆ చేతిని చూశారు. సుందరమ్మ దాన్ని దొంతర మీద నుంచి తియ్యలేదు.

ఆ మిషను 1957 నాటిది. ముందువైపు బిగించిన ఇత్తడి బిళ్ల మీద ఆ సంవత్సరం తప్ప మిగతా అక్షరాలన్నీ అరిగిపోయాయి. దానికి ఎడమన ఒకటి, కుడిన ఒకటి రెండు పిడులు. రెండింటినీ రెండు చేతులతో ఒకేసారి కిందికి గుంజితేనే కత్తి దిగుతుంది. ఎడమ పిడిని కొక్కెంతో కిందికి కట్టేస్తే, కుడి పిడి ఒక్కటి గుంజినా దిగుతుంది. అప్పుడు ఎడమచెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ అయిన చెయ్యి జారిపోయే పుస్తకాల దొంతరను అదిమి పట్టుకుంటుంది, కత్తికి బెత్తెడు దూరంలో. అలా చేస్తే పూటకు కోసే పుస్తకాలు రెండింతలవుతాయి. జూన్‌లో బళ్లు తెరిచే ముందు ఆ రెండింతలు లేకుండా ఏ కార్ఖానా గడవదని శశిధర్ అనేవాడు.

శనివారం మధ్యాహ్నం అతడు సుందరమ్మను తన గదిలోకి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆ గదిలో కుర్చీ ఇవ్వడం ఆమెకు రెండోసారి.

"లత తల్లి ఫ్యాక్టరీల ఆఫీసుల కాయితం వెట్టింది. సోమవారం ఆఫీసరు మేడం వస్తదంట. నువ్వు ఎక్కువ మాట్లాడే పని లేదు. రెండు పిడులతోనే నడుపుతం, ఆ పిల్లదే పరాకు అని చెప్పు. నీ చెయ్యి జూసినంక ఇగ ఎవరన్న నీ మాట కాదంటరా?"

సుందరమ్మ గ్లాసును బల్ల అంచున పెట్టి, "కొక్కెం సంగతి అడిగితే?" అంది.

"ఏ కొక్కెం?"

అతడు ముందుకు వంగాడు. గొంతు పెంచలేదు, అతడు పనివాళ్లతో గొంతు పెంచే మనిషి కాదు.

"సుందరమ్మా, ఒక మాట అడుగుత. ఆ కొక్కెం ఎవరి తెలివి? నేనన్ననా కొక్కెం వెట్టమని? ఇరిగిన గొడుగు కడ్డీ వంచి తెచ్చి, 'సేటూ, గిట్ల తగిలిస్తే ఒక చెయ్యి ఖాళీ అయితది' అన్నదెవరు? ఇంజనీరమ్మ అని పిలిచి నిన్ను గీ కుర్చీల కూసోవెట్టిన, యాదికున్నదా? మెకానిక్ దశరథతోని అదే వాటం ఇనుముల చేపిచ్చిన, అంతే. మొన్న లతకు తగిలియ్య నేర్పింది ఎవరు? నువ్వే. కొక్కెం బయటికొస్తే ముందుగాల వచ్చేది నీ పేరే. నేను నిన్ను కాపాడుతున్న, అర్థమైతున్నదా?"

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పందొమ్మిదేళ్ల కింద దవాఖానలో మంచం పక్కన నిలబడి అతడు కొక్కెం గురించి ఇవే మాటలు అన్నాడు. అప్పుడు చర్చి వాళ్ల బడిలో నేర్చిన అక్షరాలతో, మిగిలిన కుడిచేత్తో, 'నా పరాకు వల్లనే' అన్న కాగితం కింద ఆమె సంతకం పెట్టింది. వేళ్లు పోయిన మనిషికి కార్ఖానాలో ప్యాకింగు పని దొరికింది. అందరూ శశిధర్‌ది మంచి మనసు అన్నారు. ఆమె కూడా అన్నది.

టీ చల్లారిపోయింది. ఆమె తాగకుండానే లేచింది.

ఆదివారం సుందరమ్మ ప్రార్థనకు పోలేదు. పొద్దున్నే బస్టాండుకు వచ్చి మిర్యాలగూడ బస్సెక్కింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని, ఎడమచేతిని కొంగులో దాచుకుని కూర్చుంది. ఎవరైనా పక్కన కూర్చుంటే అలా దాచుకోవడం ఆమెకు అలవాటు. ఇనుప ముడి కూడా ఆ కొంగులోనే ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా అది ఆమె తెగిన వేళ్ల మొదళ్లకు తగులుతూ వచ్చింది.

లత సొంత ఊరు మిర్యాలగూడ. మొదటి రోజు కట్టు కట్టించిన తరువాత తల్లి పద్మమ్మ ఆమెను అక్కడి దవాఖానకు తీసుకుపోయింది. పద్మమ్మ రైసు మిల్లులో ధాన్యం ఆరబోసే పని చేస్తుంది. కనుబొమల మీద కూడా సన్నని పొట్టుధూళి ఉండే మనిషి. వార్డు గుమ్మంలో సుందరమ్మను చూడగానే లేచి నిలబడింది.

"ఏం జూద్దామని వచ్చినవమ్మా? నా బిడ్డ చెయ్యి నీ చెయ్యి లెక్క అయిందా లేదా అనా?"

"అమ్మా, రానీ," అంది లత మంచం మీద నుంచి.

లత ఎడమచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది. దాన్ని దిండు మీద ఎత్తుగా పెట్టారు. మొహం పాలిపోయింది కాని కళ్లు తేటగానే ఉన్నాయి. సుందరమ్మ తెచ్చిన బత్తాయిల సంచీని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, కొక్కెం ఏమైంది?"

ఈ ప్రశ్న వస్తుందని సుందరమ్మ దారంతా అనుకుంటూనే వచ్చింది. ఎలా ఉన్నావు, నొప్పి తగ్గిందా అన్న మాటలు అయ్యాక వస్తుందనుకుంది.

"నా దగ్గర ఉన్నది."

"నీ దగ్గరనా!" పద్మమ్మ గొంతు వార్డంతా వినిపించింది. "సూసినవా బిడ్డా! కొక్కెమే లేదు, మీ బిడ్డ కట్టుకథలు చెప్తున్నదని ఫోనుల అంటడాయన. ఈమె మూటగట్టి తిరుగుతున్నది!"

తల్లి వైపు చూడకుండానే లత అడిగింది. "మొదటి రోజు దాన్ని తగిలియ్య నేర్పింది నువ్వే. నాకు భయమైతున్నదంటే ఏమన్నవ్?"

"ఏం కాదన్న."

"నీ చెయ్యి ఎట్ల పోయిందని అడిగిన. ఏం చెప్పినవ్?"

"నా పరాకు వల్ల పోయిందన్న."

"అప్పుడు కూడ ఎడమ పిడికి కొక్కెమే ఉన్నదా?"

సుందరమ్మ తల ఊపింది. సంచీలో బత్తాయిలు ఒకదానికొకటి తగిలాయి.

"గది చెప్పలే నువ్వు." లత గొంతులో కోపం లేదు. లెక్క తప్పిన దొంతరను మళ్లీ మొదటినుంచి ఎంచుతున్నట్టు నిదానంగా మాట్లాడింది. "నువ్వు చెప్తే నేను దాన్ని ముట్టకపోతుంటి. పని తక్కువైతే సేటు తిడుతుండె, తిట్టించుకుంటుంటి. నీ చెయ్యి రోజూ నా ముందలనే ఉన్నది. రోజూ చూసిన. నీ పరాకే అనుకున్న. నాకు పరాకు లేదు కదా, నాకేమైతది అనుకున్న."

పక్క మంచం మీది ముసలామె దగ్గింది.

"ఆయన నాకేం బాకీ ఉన్నడో ఆఫీసరు తేలుస్తది," అంది లత. "నువ్వు బాకీ ఉన్నది ఆఫీసరు తేల్చదు పెద్దమ్మా. బత్తాయిలు ఆడ వెట్టి పో. నాకు నిద్రొస్తున్నది."

వార్డు మెట్ల మీద సుందరమ్మ చాలాసేపు కూర్చుంది. సూర్యాపేట బస్సు అరగంటకొకటి ఉంటుంది. ఎక్కితే రెండింటికల్లా ఇల్లు చేరవచ్చు. ఆమె లేచి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు ఎక్కింది.

దశరథ కోదాడలో కూతురింటి ముందు రేకుల పంచలో పేపరు ప్లేట్ల మిషను అచ్చు విప్పి రుద్దుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చేతులు మాత్రం ఇంకా ముసలివి కాలేదు. చుట్టూ అట్టముక్కలు, వెండిరంగు ప్లేట్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. మూడు ఊళ్లలో ప్రింటింగు ప్రెస్సుల మిషన్లన్నీ ఒకప్పుడు ఈయన చేతి మీదుగానే నడిచేవి.

సుందరమ్మ కొంగుముడి విప్పి, కొక్కేన్ని ఆయన ముందున్న పలక మీద పెట్టింది.

ఆయన దాన్ని వెంటనే ముట్టుకోలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, కళ్లద్దాలు సవరించుకుని, అప్పుడు తీసి చూశాడు.

"ఇంకా ఉందా ఇది?"

"ఇంకో పిల్లవి పోయినయి. శుక్రవారం."

"ఎన్ని?"

"మూడు."

దశరథ కొక్కేన్ని వేలి మీద తూచుతున్నట్టు పట్టుకున్నాడు. లోపలి నుంచి మనవరాలు టీవీ పెంచింది. "తగ్గించవే!" అని అరిచాడు. తరువాత గొంతు తగ్గించుకున్నాడు.

"సుందరమ్మా, ఆ మిషనును తయారుచేసినవాడు దానికి రెండు పిడులు ఎందుకు పెట్టాడో నీకు తెలుసా?"

"కత్తి బరువు కదా, రెండు చేతుల బలం కావాలని."

"కాదమ్మా. కత్తిని దించేది మోటరు. బలం దానిది. ఒక్క పిడితో కూడా దింపొచ్చు, ఆ ఏర్పాటు ఇంకా తేలిక. అయినా కావాలనే రెండు పెట్టాడు. కత్తి దిగేటప్పుడు నీ రెండు చేతులూ పిడుల మీదే ఉండాలని. ఒక్క చెయ్యి లోపల మర్చిపోయినా కత్తి కదలకూడదని." ఆయన గాలిలో రెండు చేతులూ వెడల్పుగా చాపి చూపించాడు. "అరవై డెబ్బై ఏళ్ల కింద ఎక్కడో కూర్చుని ఒకడు నీ చేతుల గురించి ఆలోచించాడు. నిన్ను చూడలేదు, సూర్యాపేట పేరు విని ఉండడు. వాడి పేరు కూడా ఆ బిళ్ల మీద అరిగిపోయింది. వాడంత పని చేసి పెడితే, నేను ఒక్క పూటలో ఈ ముక్క వంచి దాన్ని పాడుచేశాను."

"అడిగింది నేనే కదా."

"అడిగావు. ఎందుకడిగావు? దొంతర జారిపోతుందని. ఎందుకు జారింది? మిషనులో పుస్తకాలను అదిమి పట్టే పట్టీ అరిగిపోయింది. పట్టీ మార్చండి, దొంతర కదలదు, ఈ కొక్కేలతో పని లేదని ఆయనకు నేను చెప్పాను. సీజను అయ్యాక చూద్దామన్నాడు. మార్చాడా?"

సుందరమ్మ కళ్ల ముందు శుక్రవారం కడిగిన మిషను కదిలింది. పట్టీ కింది తోలు ఆ మూల నుంచి ఈ మూల దాకా పలచబడి, చీలి, సుతిలితో కట్టి ఉంది.

"లేదు."

"నువ్వడిగావు, ఆయన పెట్టమన్నాడు, నేను చేశాను. ముగ్గురమూ ఉన్నాం. ఇన్నేళ్లూ ఒక్కదానివే మోస్తున్నావు, ఎందుకంటే ఆయన నీకు నీ వంతు మాత్రమే చూపించాడు." దశరథ కొక్కేన్ని తిప్పి దాని లోపలి వంపును గోటితో రాశాడు. అక్కడ ఇనుము అద్దంలా మెరుస్తోంది. "ఊరికే మాటలతో చెప్పకు. ఇదెక్కడిదో మాకు తెలీదు, ఆ ఒక్కరోజే ఆడవాళ్లు తెచ్చి తగిలించారు అంటాడు. ఎడమ పిడి కడ్డీ కింద వేలు పెట్టి చూడు. పందొమ్మిదేళ్లు రాసుకున్న గాడి ఉంటుంది. ఎంత నూనె పూసినా గాడి పోదు. దాంట్లో ఈ వంపు సరిగ్గా కూర్చుంటుంది. ఆఫీసరు కళ్ల ముందు తగిలించి చూపించు."

"నువ్వు రావా అన్నా?"

ఆయన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. తరువాత పేపరు ప్లేటు ఒకటి తిరగేసి, దాని తెల్లటి వెనకవైపున పెన్సిలుతో నెమ్మదిగా రాశాడు: కొక్కెం చేసింది నేను, శశిధర్ గారు చెప్పగా చేశాను, పట్టీ మార్చమని అప్పుడే చెప్పాను. కింద సంతకం, ఫోను నంబరు.

"అడిగితే వస్తానని చెప్పు. ఆటోలో పడుకునైనా వస్తాను."

సోమవారం పది గంటలకు ఆఫీసరు వచ్చింది. దీప అని, ముప్పై అయిదేళ్ల మనిషి, భుజాన సంచీ, వెంట ఒక అటెండరు. పద్మమ్మ, దవాఖానలో అడిగి ఆ పూటకు వచ్చిన లత గేటు లోపల బల్ల మీద కూర్చుని ఉన్నారు. శశిధర్ వాళ్లకు నీళ్లు ఇప్పించాడు. అందరూ చూసేటట్టు ఇప్పించాడు.

మిషనును అతడే నడిపి చూపించాడు. ఎడమ పిడి ఒక్కటి గుంజాడు, కత్తి కదలలేదు. కుడి పిడి ఒక్కటి గుంజాడు, కదలలేదు. రెండూ కలిపి గుంజాడు. కత్తి దిగి, కాగితాల దొంతరను కోసి, పైకి లేచింది.

"పాతదే గాని పక్కా మిషను మేడం. ఇప్పటి మిషన్లల గూడ ఇంత సేఫ్టీ ఉండదు. ఆ పిల్ల వేళ్లు ఎట్ల వెట్టిందో దేవునికే తెల్వాలె. కావాల్నంటే మా సుందరమ్మను అడగండి. ఇదే మిషను మీద ఆమెకూ అయింది. ఆమె ఏనాడూ..."

"నేను అడుగుతాను," అంది దీప. "రండమ్మా. మీకెలా జరిగింది?"

సుందరమ్మ ప్యాకింగు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. కొంగులో దాచిన ఎడమచేతిని బయటికి తీసి, మిషను బల్ల మీద అందరికీ కనిపించేటట్టు పెట్టింది. కుడిచేత్తో, పళ్ల సాయంతో కొంగుముడి విప్పింది. ఇనుము బల్ల మీద పడి మోగింది.

"గిట్ల జరిగింది మేడం. నాకూ, ఆ పిల్లకూ."

శశిధర్ ఒక్క క్షణం ఆ కొక్కెం వంక చూశాడు. "అది ఆమెదే మేడం! ఆమె తెలివే అది. ఎవరినైనా అడగండి!"

"నాదే," అంది సుందరమ్మ. "దొంతర జారుతుంటే, పని ఆగుతుంటే, గొడుగు కడ్డీ వంచి తెచ్చి సేటుకు చూపించింది నేనే. లతకు తగిలియ్య నేర్పింది నేనే. నా చెయ్యి దీనివల్లనే పోయిందని ఆ పిల్లకు చెప్పకుండ దాచింది నేనే. శుక్రవారం సేటు దీన్ని ఊడదీసి తుడిచి ఇస్తే, మారు మాట్లాడకుండ కొంగున కట్టుకున్నది కూడ నేనే. ముందుగాల నాది రాసుకోండి. తర్వాత ఈ పిడి దగ్గరికి రాండ్రి."

ఆమె వంగి, దీప వేలిని పట్టుకుని ఎడమ పిడి కడ్డీ అడుగున ఆనించింది. నూనె కింద, ఇనుములో, కంటికి కనిపించకుండా వేలికి మాత్రమే తగిలే లోతైన గాడి ఉంది. సుందరమ్మ కొక్కేన్ని అక్కడ తగిలించింది. తాళంలోకి చెవి దూరినట్టు అది గాడిలోకి జారి కూర్చుంది. పిడి కిందికి వంగి అలాగే నిలిచిపోయింది. ఆమె కత్తిరింపు కాగితాల దొంతర ఒకటి కత్తి కిందికి తోసి, చేతులు రెండూ బయటికి తీసి, అందరినీ వెనక్కి జరగమంది. కుడిచేత్తో కుడి పిడి ఒక్కటి గుంజింది.

కత్తి దిగింది.

గేటు దగ్గర లత కళ్లు మూసుకుంది. పద్మమ్మ ఆమె తలను తన కడుపుకు అదుముకుంది.

సుందరమ్మ మిషను ఆపింది. అదిమే పట్టీ కింద సుతిలితో కట్టిన తోలును చూపించింది. ప్యాకింగు బల్ల కింది తన సంచీలోంచి దశరథ రాసిన పేపరు ప్లేటు తీసి దీప చేతికిచ్చింది. దీప దాన్ని రెండుసార్లు చదివి, తన పుస్తకం మధ్యలో జాగ్రత్తగా పెట్టుకుంది.

"వాళ్లే అడిగిండ్రు మేడం," అన్నాడు శశిధర్. అతని గొంతు మొదటిసారి పెరిగింది. "పని చేసేటోళ్లే మాకు గిట్లుంటే సులువైతదని అడిగితే..."

"అడిగితే పట్టీ మార్పించాలి. కొక్కెం కాదు." దీప రాయడం ఆపకుండానే అంది. "ఎవరడిగినా మిషను మీది, నడిపించింది మీరు." తరువాత సుందరమ్మ వైపు తిరిగింది. "మీరు అప్పట్లో మీ పరాకు అని సంతకం పెట్టారా?"

"పెట్టిన. ఆ సంతకం తప్పు. కొత్తది వెడత."

"మీరు నేర్పారన్నది, దాచారన్నది కూడా ఇందులో ఉంటుంది. అది తీసెయ్యలేను."

"తియ్యకండి."

దీప రాసింది చదివి వినిపించింది. సుందరమ్మ ఒక్కొక్క వాక్యానికీ తల ఊపుతూ వింది. ఒక చోట ఆపి, "శుక్రవారం ఇచ్చిండు గాదు, ఊడదీసి తుడిచి ఇచ్చిండు అని రాయుండ్రి," అంది. దీప దిద్దింది. సుందరమ్మ ఆ కాగితాన్ని అరచేతి బరువు కింద నిలిపి, కుడిచేత్తో తన పూర్తి పేరు రాసింది.

శశిధర్ దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినిపించేటట్టు అన్నాడు: "రేపటి సంది రాకు."

"ఈ పూట పని ఉన్నది," అంది ఆమె. "అది అయినంక పోత."

కొక్కేన్ని సీలు వేసి తీసుకుపోవాలని దీప అటెండరుకు చెప్పింది. అతడు గోధుమరంగు కాగితం ఒకటి దొరికించుకుని, కొక్కేన్ని దానిలో అడ్డంగా చుట్టాడు. కొస పొడుచుకుని కాగితం చిరిగింది. ఇంకోటి చుట్టాడు. అదీ చిరిగింది.

"ఇటియ్యి నాయినా," అంది సుందరమ్మ.

ఆమె తన బల్ల దగ్గర కూర్చుంది. కొక్కెం కొసకు అట్టముక్క తొడిగి, కాగితాన్ని రెండు పొరలు చేసి చుట్టింది. పుస్తకాల దొంతరలా అది బల్ల మీద నిలవలేదు. గుండ్రటి ఇనుము అరచేతి కింద దొర్లిపోయింది. మడత లేచిపోయింది. మళ్లీ అదిమింది. మళ్లీ లేచింది. పందొమ్మిదేళ్లలో ఆమె చేతికి లొంగని ప్యాకెట్టు అదొక్కటే.

మడత మీద ఇంకొక చెయ్యి పడింది. కుడిచెయ్యి. లత బల్లకు అటువైపు నిలబడి ఉంది. కట్టు కట్టిన ఎడమచేతిని రొమ్ముకు ఆనించుకుని, కుడిచేతి అయిదు వేళ్లతో కాగితాన్ని అదిమి పట్టింది.

"మాఫ్ చేసిన అనుకోకు పెద్దమ్మా. లై పుయ్యి, జల్ది."

సుందరమ్మ లై పూసింది. ఒకవైపు లత కుడిచెయ్యి, ఒకవైపు సుందరమ్మ కుడిచెయ్యి. రెండూ ఉంటేనే ఆ ప్యాకెట్టు నిలిచింది. చివరి మడత వేసే ముందు సుందరమ్మ డబ్బాలోంచి తన నంబరు చీటీ తీసి లోపల పెట్టబోయి ఆగింది. చీటీ వెనక్కి తిప్పి, పెన్సిలుతో 'లోటు నింపినాను' అని రాసి, లతకు చూపించింది.

లత చదివింది. గేటు దగ్గర నుంచి పద్మమ్మ పిలిచింది, బస్సు వేళయిందని.

"వేళ్లయితే రావు," అంది లత. చీటీని తనే తీసుకుని మడత లోపల పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమింది. "బాకీ మాత్రం తీరింది."